పెళ్లి మేళానికి తాంబూలం ఇచ్చిందెవరు?

కిందటేడు మాఘమాసంలో తూర్పుగోదావరి వైపు దగ్గరి బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాను. ముహూర్తం రాత్రి బాగా పొద్దుపోయాక. సాయంత్రం ఆరింటికల్లా కల్యాణమండపంలో ఒక మూల సన్నాయి మేళంవారు చేరి శ్రుతి సరిచూసుకుంటున్నారు. ఎదుటి మూల నిలువెత్తు స్పీకర్లు. పెద్దాయన ఆలాపన మొదలుపెట్టారో లేదో, డీజే కుర్రవాడు వచ్చి "కాసేపు ఆపండి, సౌండ్ చెక్ చేసుకోవాలి" అన్నాడు. ఆయన మారుమాట లేకుండా సన్నాయిని ఒళ్లో పెట్టుకున్నారు. ఆ తరువాత గట్టిమేళం వేళదాకా ఆ సన్నాయి నాకు వినబడలేదు.

భోజనాలయ్యాక ఆయనతో మాటలు కలిశాయి. "ఆపమన్నప్పుడు పెళ్లివారితో ఒక మాట అనలేకపోయారా?" అని అడిగాను. ఆయన నవ్వి, "పెళ్లోరు మమ్మల్ని పిలవటం ఎప్పుడో మానేశారండి బాబుగారూ. ఇప్పుడు హాలోళ్లు పిలుత్తారు. కబురొత్తాది, వత్తాం, వాయిత్తాం, ఎల్లిపోతాం" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. పెళ్లిలో వినోదం అందించేవారి బ్రతుకు వారి విద్య మీద ఎంత ఆధారపడి ఉంటుందో, వారిని పిలిచే చేయి ఎవరిదన్న దానిమీద కూడా అంతే ఆధారపడి ఉంటుంది. గడచిన నూటయాభై ఏళ్లలో తెలుగునాట ఆ చేయి పలుమార్లు మారింది. మారినప్పుడల్లా ఒక మేళం నిలిచింది, మరొక మేళం పోయింది. ఆ వరస చెప్పడమే ఈ టపా ఉద్దేశం. కాస్త పెద్దదే, ఓపిక చేసుకోగలరు.

*

ముందుగా ఈ వృత్తి లెక్క ఎలాంటిదో చూద్దాం. ఏ వ్యాపారానికైనా గిరాకీ హెచ్చుతగ్గులు ఉంటాయి. పెళ్లి మేళానికి వాటిని నిర్ణయించేది పంచాంగం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పనికిరావు. అధికమాసం వస్తే అదీ పోయినట్టే. గురు మౌఢ్యమో శుక్ర మౌఢ్యమో తగిలితే మంచి వేసవి కూడా బోసిపోతుంది. మిగిలిన మాసాలలోనూ బలమైన ముహూర్తాలు కొన్నే. అవి వచ్చిన రోజున జిల్లా అంతటా పెళ్లిళ్లే. మేళం మాత్రం ఒకటే. రెండు ఊళ్లలో ఒకే ముహూర్తానికి తాళి కడుతుంటే రెండుచోట్లా గట్టిమేళం మోగించడం ఎవరి తరమూ కాదు.

కాబట్టి ఏడాది పొడుగునా తినవలసిన తిండి ఆ కొద్ది రోజులలోనే సంపాదించుకోవాలి. ఖాళీ మాసాలలో గుడి సేవో, వ్యవసాయపు పనో, శిష్యులకు పాఠమో చూసుకోవాలి. ముహూర్తాలు దగ్గరపడేసరికి ఎక్కడ పెళ్లి కుదిరిందో అందరికంటే ముందు తెలియాలి, మరొకరు చేరకముందే మాట తీసుకోవాలి. తాంబూలంలో కొంత రొక్కం పెట్టి ఇస్తే మేళం ఒప్పుకున్నట్టు. ఆ రొక్కానికే సంచకరువు అని పేరు. ఈనాటి వారు అడ్వాన్సు అంటారు. సంచకరువు పుచ్చుకున్నాక ఎక్కువ ఇస్తామన్న మరో పెళ్లికి పోవడం మాట తప్పడమే. అలా పోయినవారిని మరుసటి ఏడు పిలిచేవారు ఉండరు.

అయితే అందరికీ ఈ తాంబూలపు మర్యాద దక్కలేదు. పల్లెలలో సన్నాయి, డోలు వాయించే మంగలి కుటుంబాలకు పంట నూర్పిళ్లప్పుడు కళ్లంలో ఇచ్చే గింజలే ఆధారం. దానిని మేర అనేవారు. ఏడాదంతా చేసే క్షౌరానికీ, ఊళ్లో పెళ్లిళ్లకు వాయించే వాద్యానికీ కలిపి అదే కూలి. డప్పు కొట్టే మాదిగలకు ఆ మాత్రపు లెక్క కూడా చాలాచోట్ల లేదు. తెలంగాణలో అది వెట్టి. పిలిస్తే రావలసిందే, రాననడానికి వీలులేదు. అందుకే ఒకరిని పిలవడం అన్నప్పుడు, వారికి రాననగల వీలు ఉండిందా అని కూడా అడగాలి. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన దండోరా ఉద్యమం డప్పును తన గుర్తుగా చేసుకుని తలెత్తి మోగించిందంటే, అంతకుముందు ఆ డప్పు ఎవరి ఆజ్ఞకు మోగిందో గుర్తుచేసుకోవాలి.

*

తాంబూలపు మర్యాద నిండుగా అందుకున్నది భోగం మేళం. ఈ మాటను లోకం తరువాతి కాలంలో తిట్టుగా మార్చింది గనుక, మేళం పేరుగా తప్ప మరోచోట దానిని వాడను. ఆ కళాకారిణులను కళావంతులు అంటారు, నేనూ అలాగే అంటాను.

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలువల కింద వరి పండింది. అంతకుముందు జమీందార్లకు, దేవాలయాలకు మాత్రమే సాధ్యమైన వేడుకలు భూవసతి గల రైతుల ఇళ్లలోకీ వచ్చాయి. అయిదురోజుల పెళ్లి, ఊరేగింపు, మేజువాణి. మేజువాణి అన్న మాటకు మూలం పారసీకం, ఆతిథ్యం అని అర్థం. పెళ్లికి వచ్చిన పెద్దమనుషుల ఎదుట నాయకురాలు పదం పాడి, అభినయం పట్టి, ఒకే పంక్తికి పలు విధాలుగా భావం చెప్పడం అందులోని ప్రత్యేకత. వెనుక మద్దెల, ముఖవీణ, తాళం, శ్రుతికి తిత్తి. క్షేత్రయ్య పదాలు, జావళీలు తరాల తరబడి నిలిచినది గ్రంథాలలోకంటే ఈ గొంతులలోనే. మండపేట, మురమండ, బల్లిపాడు, ముమ్మిడివరం వంటి ఊళ్ల కళావంతుల పేరు ఆ ప్రాంతమంతటా వినబడేది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. పెళ్లిలో కళావంతుల పాత్ర వినోదంతో ఆగలేదు. దేవుడికే భార్య గనుక ఆమెకు వైధవ్యం లేదు, ఆమె నిత్యసుమంగళి. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణభారత కులాల గ్రంథంలో, పెళ్లికూతురి తాళికి దారం సిద్ధం చేసి తన తాళిలోని నల్లపూసలు కొన్ని దానికి కూర్చడం దేవదాసి చేత చేయించేవారని రాశాడు. పెళ్లి ఊరేగింపుకు ముందు ఆమెను నడిపించేవారట. దారిలో అపశకునం ఎదురైతే అది గృహిణికి తగలకూడదని, ఆమెకు తగలదని నమ్మకం. తన మెడలో గృహస్థు కట్టిన తాళి లేని స్త్రీ చేత్తోనే ఇంటింటి తాళికీ శుభం చేయించుకున్నారన్న మాట. అవసరమూ గౌరవమూ ఒకటి కావని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇంతకూ ఈ మేళానికి తాంబూలం ఎవరిచ్చేవారు? పెళ్లికూతురికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు, పెళ్లికొడుకు బడిపిల్లవాడు. వారికి ఏం ఇష్టమని అడిగినవారు లేరు. పిలిచేది ఇంటి పెద్ద. ఆయన పిలిచేది కూడా పిల్లల ఆనందానికి కాదు, తన హోదాకు. ఫలానా వారి పెళ్లికి ఫలానా మేళం వచ్చిందని పది ఊళ్లు చెప్పుకోవాలి. కబురు మోసేది పురోహితుడు, జమీందారీ ఉద్యోగి, లేదా అంతకుముందు ఆ మేళాన్ని పిలిచిన వియ్యాలవారు. ఒక పెళ్లిలో రక్తి కట్టిన మేజువాణే తరువాతి పెళ్లికి పిలుపు తెచ్చిపెట్టేది. వేరే ప్రకటన అవసరం లేకపోయింది.

*

సంస్కర్తలు ఈ కీలకాన్ని సరిగ్గా పట్టుకున్నారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధనిని స్థాపించి, అందులో వేశ్యావృత్తినీ భోగం మేళాలనూ తీవ్రంగా విమర్శించారు. 1892లో మదరాసులో హిందూ సంఘసంస్కరణ సమాజం ఏర్పడింది. మరుసటి ఏడు, 1893లో, నాచ్ జరిగే విందులకు వెళ్లవద్దని కోరుతూ గవర్నరు జనరలు లాన్స్‌డౌన్‌కూ, మదరాసు గవర్నరు వెన్లాక్‌కూ విజ్ఞాపనలు వెళ్లాయి. తాము చూసిన నాట్యాలలో అనుచితమేదీ కనిపించలేదంటూ ఇద్దరూ ఆ కోరికను మన్నించలేదు. దొరలు వినకపోయినా చదువుకున్న తెలుగువారు విన్నారు. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి వంటి ఆచార్యుల ప్రభావంలో ఎందరో విద్యార్థులు నాచ్‌కు పిలవమని, పిలిస్తే వెళ్లమని ప్రతిజ్ఞ పట్టారు.

ఈ ఎత్తుగడను గమనించండి. ఆడేవారిని ఆడవద్దనలేదు, పిలిచేవారిని పిలవవద్దన్నారు. పిలిచే చేయి వెనక్కు తగ్గితే మేళం దానంతటదే ఆగుతుందని వారికి తెలుసు. గురజాడవారు ఈ వాతావరణంలోనే కన్యాశుల్కం రాశారు. అది తొలిసారి ప్రదర్శితమైంది 1892లో, అచ్చయింది 1897లో, పెంచి మార్చి రాసిన రెండవ కూర్పు 1909లో. యాంటీ నాచ్ అన్న మాటను పాత్రల చేత అనిపించి, నిజాయితీ గల సంస్కర్తగా సౌజన్యారావును, ఆ ముసుగు వేసుకున్న గిరీశాన్ని పక్కపక్కనే నిలబెట్టారు. ఇద్దరికంటే తెలివిగా మధురవాణిని నిలబెట్టారు. ఉద్యమాన్ని ఎగతాళి చేయకుండానే, ఆ ఉద్యమం మాట్లాడించని మనిషి చేత ఆయన మాట్లాడించారు.

ఆ పైన చట్టాలు వచ్చాయి. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1929లో దేవదాసీల ఇనాం భూములు గుడి సేవ షరతు నుంచి విడిపోయాయి. 1947లో మదరాసు శాసనసభ దేవదాసీల సమర్పణను నిషేధించింది, ఆలయాలలోనూ దేవుడి ఊరేగింపులలోనూ వారి నాట్యాన్ని ఆపింది. పెళ్లి మాత్రం మిగిలింది. గుడి తలుపు మూసుకున్నాక కోస్తా కళావంతులకు పెళ్లి పందిరే చివరి నీడ అయింది. 1956లో ఆంధ్రరాష్ట్రంలో ఆ చట్టాన్ని సవరించి పెళ్లిళ్లు మొదలైన వేడుకలలో కూడా వారి నాట్యం నేరమన్నారు. ఈలోగా 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయాయి, 1956లోనే ఇనాముల రద్దు చట్టమూ వచ్చింది. ఒక్క దశాబ్దంలో గుడి, దివాణం, మాన్యం, పందిరి నాలుగూ పోయాయి.

నేను ఆ పాత ఏర్పాటును వెనకేసుకు రావడం లేదు. పసిపిల్లలను ఊహ తెలియకముందే సమర్పించడం, ఒక కులంలో పుట్టిన ఆడపిల్ల బ్రతుకును పుట్టకముందే నిర్ణయించడం అన్యాయం. ఆ కులంలోనుంచే ఎందరో ఆ అన్యాయాన్ని ఎదిరించారు, సూర్యబలిజలన్న కొత్తపేరుతో కొత్త జీవితం కోరుకున్నారు. అదే సమయంలో బెంగుళూరు నాగరత్నమ్మ వంటివారు 1920ల చివర తమ వృత్తిని రూపుమాపవద్దని ప్రభుత్వానికి విన్నవించుకున్నారు. రెండూ ఆ స్త్రీల గొంతులే. నా బాధ ఒక్కటే. అన్యాయమైన ఏర్పాటునుంచి విద్యను విడదీసి కాపాడాలన్న ఆలోచన ఆనాటి చట్టానికి రాలేదు. పెళ్లిలో పదం అభినయించడం నేరమైన రోజున, అది తప్ప మరో విద్య రాని నడివయసు స్త్రీ మరునాటి ముహూర్తానికి ఏం చేసిందో రాసిపెట్టినవారు బహు తక్కువ. తరువాతి దశకాలలో నటరాజ రామకృష్ణగారు, ఆరుద్రగారు, స్వప్నసుందరిగారు వృద్ధులైన కళావంతులను వెదికి వెళ్లి, వారి దగ్గర మిగిలిన దానిని సభావేదికకు తెచ్చారు. దానికి విలాసినీ నాట్యమని ఆరుద్ర పేరు పెట్టారు. నాట్యం సభకు చేరింది, పెళ్లికి మాత్రం తిరిగి రాలేదు.

*

చట్టం తాకని మేళం సన్నాయి. తాళి కట్టే క్షణాన గట్టిమేళం మోగాలి. ఆ క్షణాన ఏ అశుభపు మాటా చెవిన పడకూడదు. ముహూర్తంలోనే దానికి చోటు ఉంది గనుక ఎవరూ తీసేయలేకపోయారు. ఈ మంగళవాద్యాన్ని గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో తరతరాలుగా పోషించినవారిలో ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. ఒంగోలు దగ్గరి కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు చిలకలూరిపేట సంప్రదాయంలో నేర్చి, తంజావూరు బాణీని సాధించి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ అందుకున్నారు, 1999లో కాలం చేశారు. వారి శిష్యదంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్‌లకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. రాముడి కల్యాణానికీ మన ఇళ్లలోని కల్యాణానికీ శ్రుతి పట్టినవారి మతం ఏమిటని మన పెద్దలు అడగలేదు. శ్రుతి కుదిరిందా అనే అడిగారు.

ఊరేగింపులో కళావంతులు ఖాళీ చేసిన చోటికి బ్యాండు మేళం వచ్చింది. కంటోన్మెంట్లలోని సైనిక వాద్యబృందాలను చూసి సంస్థానాధీశులు బ్యాండ్లు పెట్టుకున్నారు, వాటిని చూసి పట్నాలు నేర్చుకున్నాయి. భుజాన జరీ కుచ్చుల కోటు, క్లారినెట్టు, ట్రంపెట్టు, పక్క డ్రమ్ము, ఇరువైపులా తలల మీద పెట్రోమాక్స్ దీపాలు మోసే కూలీలు. వీరు గిరాకీని వెతుక్కున్న పద్ధతి చక్కనిది. పెద్ద డ్రమ్ము ముఖం మీద మేళం పేరు, ఊరి పేరు పెద్ద అక్షరాలతో రాయించుకునేవారు. ఊరేగింపు నడిచినంత మేరా ఆ పేరు నడిచేది. అరుగుల మీద నిలబడి చూసిన ఆడపిల్లల తండ్రులలో ఎవరో ఒకరు మరుసటి ఏటి గిరాకీ. వాయించే వాద్యమే సైన్‌బోర్డు అయిన వ్యాపారం మరొకటి నాకు తోచదు.

హైదరాబాదులో కథ తలకిందులుగా నడిచింది. ఆఫ్రికా సంతతి సిద్దీలు వనపర్తి సంస్థానపు సైన్యంనుంచి నిజాం కొలువుకు వచ్చి, అశ్విక దళంగా స్థిరపడ్డారు. వారి బస్తీకి ఏసీ గార్డ్స్ అన్న పేరు అలా వచ్చిందే. 1948 పోలీసు చర్య తరువాత ఆ కొలువు పోయింది. అంతవరకు తమ వేడుకలలో వాయించుకున్న మర్ఫా వాద్యం అప్పుడు వారిలో పలువురికి బ్రతుకుతెరువైంది. బార్కస్‌లోని అరబ్బు సంతతివారి మేళాలూ అటువంటివే. పాతబస్తీ బరాత్‌లకు మర్ఫా ఒక గుర్తుగా మారింది, మతభేదం లేకుండా పెళ్లిళ్లకు వెళ్లింది. కోస్తాలో చట్టం కొందరికి పెళ్లిని దూరం చేసిన దశాబ్దంలోనే, హైదరాబాదులో కొలువు పోయిన సైనికుల కుటుంబాలకు పెళ్లి అన్నం పెట్టింది.

*

ఇక యంత్రం సంగతి. మైకుసెట్టు వచ్చాక పెళ్లి జరుగుతున్నదన్న కబురు తెల్లవారకముందే ఊరంతా తెలిసేది. చెట్టుకొమ్మకో వెదురు గడకో కట్టిన బాకా, కింద రికార్డులు మార్చే కుర్రవాడు. 1961లో వచ్చిన సీతారామ కల్యాణం చిత్రంలోని కల్యాణగీతం మోగని తెలుగు పెళ్లి ఉండి ఉండదు. పాడేవారు పదిమంది చేసే పనిని పెట్టె ఒక్కటే చేయడం అప్పుడు మొదలైంది. ఆ పైన క్యాసెట్లు, వేదిక మీద సినిమా పాటల ఆర్కెస్ట్రాలు, వీడియోలు వరుసకట్టాయి.

యంత్రం కంటే పెద్ద మార్పును తెచ్చింది కల్యాణమండపమని నా అభిప్రాయం. పెళ్లి ఇంటి ముంగిట పందిరి కింద జరిగినన్నాళ్లు మేళాన్ని పిలిచేది ఇంటివారే. తిరుమల తిరుపతి దేవస్థానంవారి కల్యాణమండపాలు, ఆపైన ప్రైవేటు ఫంక్షను హాళ్లు ఊరూరా వెలిశాక పిలిచే చేయి మళ్లీ మారింది.

ఈ చరిత్రనంతా ఒక ప్రశ్నతో కొలవవచ్చు. పెళ్లి కుదిరిందన్న కబురు ఇంటివారి తరువాత ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఒకప్పుడు పురోహితుడికి, ముహూర్తం పెట్టేది ఆయనే గనుక. తరువాత శుభలేఖలు అచ్చువేసే ప్రెస్సువారికి, బంగారపు కొట్టువారికి, బట్టల దుకాణానికి. అందుకే బ్యాండువారు, మైకుసెట్టువారు ఆ గుమ్మాల దగ్గర పరిచయం పెంచుకునేవారు. ఆ తరువాత హాలు మేనేజరుకు, ఎందుకంటే హాలు దొరికిన తేదీనే ముహూర్తంగా మార్చుకునే రోజులు వచ్చాయి. ఎవరికి ముందు తెలిస్తే దారి వారి చేతిలో ఉంటుంది. దారి ఉన్నచోట సుంకం ఉంటుంది. పూలు, వంట, దీపాలు, సన్నాయి అన్నీ కలిపి ఒకే మొత్తానికి మాట్లాడుకునే ప్యాకేజీ వచ్చాక, సన్నాయికి ఇచ్చేది ఎంతో పెళ్లివారికి తెలియదు, పెళ్లివారు ఇచ్చింది ఎంతో సన్నాయికి తెలియదు. పెద్దాయన చెప్పిన "హాలోళ్లు పిలుత్తారు" అన్న మాటకు అర్థం ఇదే.

*

చివరిగా వధూవరులు. మొదటినుంచీ పెళ్లి వీరిదే అయినా వీరు గిరాకీ కావడానికి చాలా కాలం పట్టింది. శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. అమ్మాయికి 14, అబ్బాయికి 18 ఏళ్లు కనీస వయసు అన్నది. చట్టం అమలయ్యేలోపు పిల్లల పెళ్లిళ్లు ముగించాలని ఆనాడు దేశమంతా హడావిడి పడింది. ఆ కొన్ని నెలలు మేళాలకు తీరిక ఉండి ఉండదు. 1978లో ఆ వయసులు 18, 21 అయ్యాయి. చదువులు, ఉద్యోగాలు వచ్చాయి. పెళ్లి ఖర్చులో తమ జీతం పెట్టగల వధూవరులు తయారయ్యారు. తమకు నచ్చిన పాట ఏదో చెప్పగల పెళ్లికూతురు తెలుగు చరిత్రలో మొదటిసారి కనబడింది. ఇది చిన్న సంగతి కాదు.

1994లో వచ్చిన హమ్ ఆప్కే హై కౌన్ తెలుగులో ప్రేమాలయంగా ఆడింది. ఉత్తరాది సంగీత్, మెహందీ వేడుకలను మన ఇళ్లకు పరిచయం చేయడంలో దాని పాత్ర తక్కువ కాదు. అంతవరకు పెళ్లిలో వినోదం అంటే ఒకరు ఆడితే పదిమంది చూడడం. సంగీత్‌లో పెళ్లికూతురే ఆడుతుంది, మేనమామా ఆడతాడు, ఆట నేర్పేవాడికి రుసుము ముట్టుతుంది. ఆడపిల్ల పెళ్లిలో ఆడడం కులానికి మచ్చ అనుకున్న ఇళ్లలోనే ఈనాడు పెళ్లికూతురి నాట్యాన్ని చుట్టాలందరూ చప్పట్లతో మెచ్చుకుంటున్నారు. సంతోషమే. కానీ నూరేళ్ల కిందట ఇదే డెల్టాలో ఇదే పందిరిలో ఆడిన స్త్రీలను తలుచుకుంటే, తప్పు నాట్యానిదా, ఆడినవారి పుట్టుకదా అన్న ప్రశ్న రాక మానదు.

ఈనాడు వేడుకల వ్యాపారి పురోహితుడి గుమ్మం ఎక్కడు. నిశ్చితార్థపు బొమ్మను వధూవరులే ఇన్‌స్టాగ్రాములో పెడతారు, ఆ సాయంత్రానికే వారికి సందేశం అందుతుంది. కబురు ముందుగా లోకానికి చెప్పేది వధూవరులే గనుక దారి వారి చేతికే వచ్చింది. వ్యాపారి చిరునామా మారినా వ్యాపారం లెక్క మారలేదు. నేటికీ ముహూర్తాలు అవే, ఒక రోజున ఒకచోటే ఉండగల ఇబ్బందీ అదే. రాత్రి 10 దాటితే బహిరంగంగా లౌడ్‌స్పీకరు కూడదని 2000 నాటి నిబంధనలు, వాటిని గట్టిపరచిన 2005 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెబుతున్నాయి. అర్ధరాత్రి ముహూర్తాలు ఉన్న మనకు అది మరో చిక్కు. 2020లో కరోనా వచ్చి పెళ్లికి 50 మందే అన్నప్పుడు, మంచి వేసవి ముహూర్తాలన్నీ చేజారి, సన్నాయి పెద్దాయనా డీజే కుర్రవాడూ ఒకేలా ఇంట్లో కూర్చున్నారు. ఒకరినొకరు పోటీదారులనుకున్నవారు ఒకే పంచాంగం మీద బ్రతికే ఇరుగుపొరుగువారని ఆ ఏడు తెలిసింది.

*

ఈ చరిత్రలో నాకు కనిపించినది ఒకటే. పిలవడం అన్నది చిన్న పనిగా కనబడుతుంది, కానీ ఒక విద్య ఉండాలా పోవాలా అన్నది అక్కడే తేలుతుంది. ఒకప్పుడు ఆ అధికారం దివాణాలదీ ఇంటి పెద్దలదీ. వారు హోదాకోసం పిలిచారు, ఆపైన పరువుకోసం మానేశారు. రెండుసార్లూ ఆ కళాకారిణుల గొంతు లెక్కలోకి రాలేదు. ఇప్పుడు అధికారం పెళ్లి చేసుకునేవారి చేతిలోనే ఉంది. వారికి నచ్చిన పాట పెట్టించుకోవడం వారి హక్కు, దానిని నేను తప్పుపట్టను. అయితే సన్నాయిని ప్యాకేజీలో ఒక పద్దుగా వదిలేయకుండా, మేళంవారిని నేరుగా పిలిచి, వారి చేతికే సంచకరువు ఇచ్చి, సాయంత్రం ఒక గంట వారికి వదలమని డీజే కుర్రవాడికి ముందే చెప్పడం పెద్ద ఖర్చు కాదు.

ఆ రాత్రి తలంబ్రాలయ్యాక నేను పెద్దాయన దగ్గరకు వెళ్లి, సాయంత్రం మొదలుపెట్టి ఆపేసిన ఆలాపన ఏ రాగమని అడిగాను. "కల్యాణి అండి" అన్నారు. వినాలని ఉందన్నాను. జనం పలచబడ్డారు, స్పీకర్లు అప్పటికే లారీ ఎక్కుతున్నాయి. ఆయన డోలు కుర్రవాణ్ణి కూర్చోమని సైగ చేసి, ఓ పావుగంట వాయించారు. విన్నది నలుగురం. పెళ్లికూతురు పీటలమీదనుంచి లేచి వచ్చి, ఆ నలుగురిలో ఒకతెగా నిలబడి విన్నది.

మీ ఇళ్లలోని పాత శుభలేఖలలో, పెళ్లి ఖర్చుల పద్దులలో మేళంవారి పేర్లు కనబడితే భద్రపరచమని మనవి. వారి గురించి రాసిపెట్టినవారు తక్కువ. మనమైనా రాద్దాం.